నలభై ఫోన్లలో చిక్కిన గొంతు

ఇదిగో, ఈ కథలో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే నా మిగిలిన రెండు పళ్ళూ తెల్లారేసరికి రాలిపోవాలి. పేర్లు మాత్రం మార్చాను. ఊఁ కొట్టు మరి.

అనగనగా ఒక ఊళ్ళో ధరణి అని ఆరో తరగతి పిల్ల. దాని నేస్తం నీలవేణి. వాళ్ళ బళ్ళో రోజుకో పిల్ల ముందు నిలబడి ప్రతిజ్ఞ చెప్పించాలి. మర్నాడు నీలవేణి వంతు. దానికి కాస్త నత్తి. అందుకని సాయంత్రం ధరణి ఇంటికొచ్చి చెప్పుకుని చూసుకుంది. "భా... భా..." దగ్గరే ఆగిపోయింది, పాపం.

అప్పుడు ధరణి, వాళ్ళమ్మ ఫోనుని పుస్తకం చాటున పెట్టి, అది రికార్డు చేసింది. హోంవర్కు గ్రూపులో పెట్టేసింది. పిల్లలమే కదా నవ్వుకునేది అనుకుంది. ఆ గ్రూపులో ఉన్న ఫోన్లన్నీ అమ్మలవీ నాన్నలవీ అని మరిచిపోయింది.

తెల్లారి పాల కేంద్రం దగ్గర "భా... భా..." వినిపించింది. జనం నవ్విన నవ్వుకి క్యాన్లలో పాలు విరిగిపోయాయి. ఆ తర్వాత పిండిమర దగ్గర, మర హోరుని మించి వినిపించింది. అది విని ధరణి ఇంటికి పరుగెత్తి దాన్ని చెరిపేసింది. కంగారులో వాళ్ళమ్మ ఫోనులోంచి మాత్రమే చెరిపింది. మిగతా నలభైలో అది బతికే ఉంది.

ఆ తర్వాత బడి. నీలవేణి ముందు నిలబడి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తింది గానీ పలకలేదు. మూడు రోజులు అన్నం కూడా సైగతోనే అడిగింది.

ధరణి దాని దగ్గరికి వెళ్ళి "తప్పయిందే నీలా" అంది. నీలవేణి నోటుపుస్తకం తెరిచి రాసింది: "నా గొంతు నువ్వే పంపావు. నువ్వే తెచ్చివ్వు."

అప్పుడు ధరణి గడప గడపా ఎక్కింది. మొదటి ఇంట్లో అడగ్గానే తీసేశారు. రెండో ఇంటావిడ "పంపేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా తల్లీ?" అంది. ధరణి తలదించుకుని నిలబడింది, తీసేదాకా కదల్లేదు. మూడో ఇంటావిడ పక్కూరి చెల్లెలికి పంపేసిందట. అక్కడికీ నడిచింది. నడిచి నడిచి దాని కాళ్ళు జానెడు అరిగాయి.

ఒక్కో ఫోనులోంచి పోతుంటే నీలవేణికి ఒక్కో మాట తిరిగొచ్చింది. ముప్ఫైతొమ్మిదోది పోయాక మళ్ళీ ముందు నిలబడింది. నత్తితోనే, తీరుబడిగా చెప్పింది. బడంతా ఆగి ఆగి వెంట చెప్పింది. ఒక్కరూ నవ్వలేదు. చివరి మాట మాత్రం ఎంతకీ రాలేదు.

ఎందుకంటే ఒక్క ఫోను మిగిలింది. దాని తాలూకు ముసల్ది, ధరణి తలుపు కొడితే దుప్పటి కప్పుకుని నిద్ర నటించింది. రోజూ విని నవ్వుకునేది మరి. ఇప్పుడు ఆ ఫోను దగ్గరికెళ్ళాలంటేనే ముసల్దానికి భయం. లోపల ఎవరో గొంతు పట్టుకుని ఏడుస్తున్నట్టుంటుంది.

కథ కంచికి,
మనం మంచానికి,
ఎవరి గొంతు వాళ్ళింటికి.

ఆగాగు, అప్పుడే పడుకోకు. నీ హోంవర్కు వచ్చేది ఏ ఫోనుకి? లేచి ఆ గూట్లోంచి నా ఫోను పట్రా. ఎక్కడ నొక్కాలో నాకు కనపడదు, నువ్వే తీసెయ్.