గెడ్డ ఒడ్డున ఆగిన గవరమ్మ

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిని రెండుగా చీలుస్తూ ఒక గెడ్డ పారేది. గెడ్డంటే కొండవాగు, పిల్లలూ. మామూలు రోజుల్లో అది మహా సాధువు. మీరైనా నేనైనా పాదాలు తడుపుకుంటూ ఇట్టే దాటేయొచ్చు. వానొస్తే మాత్రం దాని సంగతి వేరు.

ఆ గెడ్డ పక్కన ఒక రాతిగుట్ట. ఆ గుట్ట కింద బొరియలో గవరమ్మ అనే ముంగిస కాపురముండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది పైడి, చిన్నవాడు కొండు.

ఒకనాడు పొద్దున్నే గువ్వ కబురు తెచ్చింది. "గవరమ్మా, అవతలి గట్టున మీ అక్కకు జ్వరం. లేవలేకుండా ఉంది."

గవరమ్మ వెంటనే బయలుదేరింది. గుమ్మం దగ్గర ఆగి పిల్లలకు గట్టిగా చెప్పింది. "గాలివాన వస్తే బొరియ దాటి బయటికి రావద్దు. కింది గదిలోకి నీళ్ళొస్తే పై గదిలోకి ఎక్కండి. నేను ఆలస్యమైనా సరే, నన్ను వెతుక్కుంటూ రావద్దు."

"సరేనమ్మా" అంది పైడి. కొండు మాత్రం మూతి ముడుచుకున్నాడు.

గవరమ్మ గెడ్డ దాటింది. అక్కకు తిండి పెట్టింది. పక్క సర్దింది. మధ్యాహ్నం తిరుగుదారి పట్టబోతుంటే అక్క అంది, "తూర్పున మబ్బు పడుతోందే. ఇవాళ్టికి ఉండిపోరాదూ?"

"ఇంకా ఎండగానే ఉంది కదక్కా. గబగబా వెళ్ళిపోతాను" అంది గవరమ్మ.

సగం దారి నడిచిందో లేదో, ఆకాశం నల్లబడింది. గాలి ఈల వేసింది. చినుకులు గులకరాళ్ళలా మొదలై, చూస్తుండగానే కుండపోత అయింది.

ఒక ఖాళీ మైదానంలో ఒంటరిగా పెద్ద మద్దిచెట్టు ఉంది. దాని కింద సింగన్న అనే నక్క ముడుచుకుని కూర్చున్నాడు.

"గవరమ్మక్కా, ఇటు రా! ఇక్కడ చుక్క కూడా పడటం లేదు" అని పిలిచాడు.

గవరమ్మ చలికి వణికిపోతోంది. అయినా తల అడ్డంగా ఊపింది. "ఉరుముతోంది సింగన్నా. ఇంత ఎత్తు చెట్టు ఒంటరిగా ఉంటే పిడుగు దాన్నే చూస్తుంది. నువ్వే ఇవతలికి రా."

"తడిసి ముద్దవ్వడానికా?"

"తడిస్తే ఆరతాం. లే!"

సింగన్న గొణుక్కుంటూ లేచాడు. ఇద్దరూ గెడ్డ వైపు పరుగెత్తారు. వెనక ఫెళ్ళుమని అడవంతా అదిరింది. తిరిగి చూస్తే మద్దిచెట్టు నిలువునా చీలి పొగలు కక్కుతోంది.

గెడ్డ ఒడ్డుకు వచ్చి గవరమ్మ ఆగిపోయింది. పొద్దున పాదం మునగని నీళ్ళు ఇప్పుడు ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ, కొమ్మల్ని నమిలి ఉమ్ముతూ పోతున్నాయి. అవతల రాతిగుట్ట కనిపిస్తూనే ఉంది. అక్కడే పిల్లలు.

అప్పుడే భీమరాజు అనే అడవిదున్న అక్కడికి వచ్చాడు. అతని మెడ మద్దిమానంత లావు.

"ఏమ్మా గవరమ్మా, భయమా? నా వీపెక్కు. నాలుగు అంగల్లో దాటిస్తా."

గవరమ్మ ఆ వెడల్పాటి వీపు వైపు చూసింది. ఎక్కేస్తే చాలు, పిల్లల దగ్గరుంటుంది. ఒక్క క్షణం కాలు ముందుకు పడింది. వెనక్కి తీసుకుంది.

"వద్దు మావయ్యా. అడుగున ఏముందో కనబడటం లేదు. నువ్వూ దిగొద్దు. కాసేపు ఆగుదాం."

"రోజూ దాటే గెడ్డే కదా!" అని నవ్వి భీమరాజు దిగాడు. మోకాలి దాకా వచ్చాయి నీళ్ళు. మరో అడుగు వేశాడు. కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. అంతటి దున్నా దొర్లిపోయాడు. "గవరమ్మా!" అన్న కేక ఒక్కటే వినిపించింది. ఆ కేకా నీళ్ళలో కలిసిపోయింది.

గవరమ్మ కళ్ళు మూసుకుంది. తర్వాత సింగన్నను వెంటబెట్టుకుని గట్టుకు బాగా పైన, ఇంటి చూరులా ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ కిందికి చేరింది. అక్కడ గాలి తగలదు, వరద అందదు. కానీ మనసు ఊరుకుంటుందా? 'పిల్లలు ఏడుస్తున్నారేమో. నీళ్ళు లోపలికి వచ్చాయేమో. నేనేం తల్లిని?' అని లోపల ఒకటే పోరు. గవరమ్మ గోళ్ళు నేలలో గుచ్చి కూర్చుంది. "వాళ్ళకు చేయాల్సింది చెప్పాను. నేను చేయాల్సింది నేను చేయాలి" అని తనకు తానే చెప్పుకుంది.

కాసేపటికి వాన ఠక్కున ఆగింది. ఎండ కూడా పొడిచింది. ఒక దుంగ కొట్టుకొచ్చి గెడ్డకు అడ్డంగా ఇరుక్కుంది.

"చూశావా అక్కా, వంతెన! పద పద" అని సింగన్న గబగబా దిగి దుంగ దగ్గరికి చేరాడు.

గవరమ్మ కొండ వైపు చూసింది. అక్కడ మబ్బు ఇంకా నల్లగానే ఉంది. "ఆగు! మనకు తెరిపిచ్చింది గానీ కొండ మీద కురుస్తూనే ఉంది. ఆ నీళ్ళు ఇంకా రావాలి."

సింగన్న వినలేదు. దుంగ మీద కాలు పెట్టాడు. గవరమ్మ ఒక్క ఉదుటున కిందికి దూకి వాడి తోక కొరికింది. "అబ్బా!" అంటూ సింగన్న గట్టు మీదికి ఎగిరి పడ్డాడు. తోక పట్టుకుని తిట్టబోయాడు. అంతలోనే పైనుంచి ఉరుములాంటి చప్పుడు. గోడంత నీరు బండల్ని దొర్లించుకుంటూ వచ్చి దుంగను అగ్గిపుల్లలా విరిచి పట్టుకుపోయింది.

సింగన్న తోక వదిలేశాడు. మెల్లగా వచ్చి గవరమ్మ పక్కన కూర్చున్నాడు.

పొద్దు వాలేవేళకు కొండ తేటపడింది. నీళ్ళు తగ్గాయి. గెడ్డ అడుగున రాళ్ళు కనిపించాయి. అప్పుడు గవరమ్మ లేచింది. అడుగు అడుగూ తడిమి చూసుకుంటూ దాటింది. దిగువన బురదలో భీమరాజు కుంటుకుంటూ ఒడ్డెక్కుతున్నాడు. ఒక కాలు విరిగింది. ప్రాణం మాత్రం దక్కింది.

"నా బలం చూసుకున్నానమ్మా. నీళ్ళ బలం చూడలేదు" అన్నాడు తల దించుకుని.

గవరమ్మ బొరియకు పరుగెత్తింది. కింది గదినిండా బురద. పై గదిలో పైడి, కొండు ఒకరినొకరు కరుచుకుని ఉన్నారు. ఇద్దరినీ పొదువుకుని తల్లి తనివితీరా ఏడ్చింది.

కొండు ఆమె మెడలో ముఖం దాచుకుని కోపంగా అడిగాడు. "మేం ఇక్కడ ఎంత భయపడ్డామో తెలుసా? నువ్వెందుకు వెంటనే రాలేదు?"

గవరమ్మ వాడి తల నిమిరింది.

"నీ దగ్గరికి రావాలనే ఆగాను, నాయనా."

నీతి: గాలివానలో తొందరపడి దూకడం ధైర్యం కాదు, ఇంట్లో ఉన్నవారు ఇంట్లోనే, దారిలో ఉన్నవారు భద్రమైన చోటనే పట్టుదలగా ఆగడమే అసలైన ధైర్యం.