మూరెడు పక్కన

“నీళ్ళ కింద ఎవరూ చూడరనుకున్నావా, నూకరత్నం? పదిహేడో ఫోటోలో టేపు ఏది? చట్రాన్ని పక్కకి జరిపావు.”

పరదేశి మాస్టారు అరవలేదు. అరిచే ఓపిక ఆయనకి లేదు. అరవై దాటిన ఒంటితో ఆ ఉదయం రెండుసార్లు సముద్రం అడుగుకి దిగి వచ్చారు. పడవ అంచుకి చేరబడి, శిష్యురాలు తీసిన ఫోటోలు ఒక్కొక్కటే కెమెరాలో చూస్తున్నారు. అడుగున బతికే వెన్నెముక లేని జీవుల్ని లెక్కించడం వాళ్ళ పని. కింద కొలత టేపు పరుస్తారు. అయిదేసి మీటర్లకి ఒకసారి ఇనుప చట్రాన్ని టేపుకి ఆనించి పెట్టి, అందులో ఏది పడితే దాన్నే ఫోటో తీస్తారు.

నూకరత్నం తల దించలేదు. “అక్కడ ఉత్త ఇసకండీ. మూరెడు పక్కన స్పంజిక, దాని మీద రెండు నక్షత్ర చేపలు. ఉన్నదే తీశాను, లేనిది తేలేదు కదా. తప్పేంటి మాస్టారూ?”

ఆయన కెమెరాని ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత చెప్పారు.

“గంగునాయుడని, నాతోపాటే ఈ పని నేర్చాడు. ఇసకని ఫోటో తీస్తే దిగిన శ్రమ దండగ అనుకునేవాడు. ఏటా ఒకే చోట దిగేవాడు, ఏటా చట్రాన్ని జీవమున్న వైపుకి జరిపేవాడు. ఫోటోలో టేపు కనపడాలన్న నియమం అప్పట్లో లేదు. ఆ తీరాన ఒక ఫ్యాక్టరీ వాళ్ళ మురుగు గొట్టం సముద్రంలోకి పోతుంది. నాలుగో ఏడు జాలరి పెద్ద ఎల్లాజీ వచ్చి, ‘బాబూ, వలకి బురద తప్ప ఏటీ రాటం లేదు. అడుగు సచ్చిపోనాది’ అన్నాడు. వీడు ఫోటోలు చూపించి, ‘చూడు మావా, ఎంత నిండుగా ఉందో’ అన్నాడు. ముసలాయన ఒక్కొక్కటీ చూశాడు. ‘అయితే మా వలలే అబద్దాలాడతన్నాయి బాబూ’ అని లేచి వెళ్ళిపోయాడు.

“ఏడో ఏట చట్రం ఎటు జరిపినా ఇసకే. గంగునాయుడు చెడ్డవాడు కాదు. జాలర్లు ఫ్యాక్టరీ మీద వేసిన కేసు విచారణ రోజున వాళ్ళ పక్షాన నిలబడి, అడుగు కొన్నేళ్ళుగా చస్తోంది, గొట్టమే కారణం అని చెప్పాడు. ఫ్యాక్టరీ వకీలు గొంతు పెంచలేదు. వీడి ఆరేళ్ళ ఫోటోలూ బల్ల మీద పరిచాడు. ‘గొట్టం ఏడేళ్ళుగా ఉంది. పోయిన ఏడు దాకా అడుగు కళకళలాడుతూనే ఉంది. మరి గొట్టం ఏం చేసిందండీ?’ అన్నాడు.”

“జరిపి తీశానని ఒప్పుకోవచ్చు కదా?” నూకరత్నం గొంతు తగ్గింది.

“ఒప్పుకున్నాడు. అప్పుడు అబద్ధమాడాను, ఇప్పుడు నిజం చెబుతున్నాను అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వారు.”

మాస్టారు కెమెరా ఆమె చేతికిచ్చారు.

“గొట్టం అక్కడే ఉంది. ఎల్లాజీ వాళ్ళ పడవలు ఒడ్డెక్కాయి. గంగునాయుడు ఇప్పటికీ సముద్రంలోకి దిగుతాడు. పైకొచ్చాక ఏం చూశావని మాత్రం అతన్ని ఎవరూ అడగరు.”