నుదురు కడుక్కోని రాకుమారుడు

అనగనగా రత్నగిరి అనే రాజ్యం, దానికొక రాజు, పేరు వీరకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. రాజు మంచివాడే, కొడుకులూ మంచివాళ్ళే. కానీ ఆ రాజ్యంలో ఒక పాడు అలవాటు ఉండేది పిల్లలూ, దాని మాట ఎత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది.

సభ మధ్యలో ఒక వెండి చెంబు ఉండేది. తప్పు చేసినవాడు ఎవడైనా సరే, ఆ చెంబులో నీళ్ళతో నుదురు కడుక్కుని “నాదేం లేదు, అంతా రాత” అంటే చాలు, తప్పు పోయినట్టే. వంటవాడు అన్నం మాడ్చాడు, నుదురు కడుక్కున్నాడు. కాపలావాడు కోట తలుపు తెరిచి పెట్టి నిద్రపోయాడు, నుదురు కడుక్కున్నాడు. సేనాపతి ఏనుగుల్ని ఊబిలోకి తోలాడు, ఆయనా నుదురు కడుక్కున్నాడు. అలా కడిగీ కడిగీ సేనాపతికి నుదుటి మీద చర్మం పలచబడిపోయింది.

మూడో కొడుకు మణికేతుడికి ఇది చూస్తే చిర్రెత్తుకొచ్చేది. “రాత వచ్చి అంకుశం పట్టుకుందా? తోలింది మీరు కాదూ?” అని అరిచేవాడు. అందరూ వాడి వంక జాలిగా చూసేవారు. ఎందుకంటే వాడు పుట్టినప్పుడు జ్యోతిష్కుడు జాతకం చూసి, “ఈ పిల్లవాడి చేతుల మీదుగా తండ్రి చూపు పోతుంది” అని చెప్పాడు. ఆనాటి నుంచి రాజు వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. భోజనాల వేళ పెద్ద కొడుకులిద్దరూ తండ్రి పక్కన, వాడు వసారా అవతల. పండగనాడు దండం పెట్టాలన్నా గుమ్మం బయటి నుంచే.

“నేనేం చేశాను నాన్నగారూ?” అని అడిగితే, “ఇంకా చేయలేదులే నాయనా, అక్కడే ఉండు” అనేవాడు రాజు.

ఇది చాలదన్నట్టు ఆ రాజ్యానికి ఇంకో పీడ. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు ఏటేటా గాలిలో వచ్చి ఒక ఆడపిల్లను ఎత్తుకుపోయేవాడు. రాజు సైన్యాన్ని పంపేవాడు కాదు. “మన రాజ్యం రాత అలా ఉంది” అని నిట్టూర్చి లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు గానుగ ఆడించే సూరమ్మ కూతురు వకుళ వంతు వచ్చింది, కరాళుడు ఆమెను ఎత్తుకుపోయాడు. సూరమ్మ నూనె చేతులతోనే సభలోకి వచ్చి కూలబడింది.

“ఇంతమంది మగవాళ్ళున్నారు, ఒక్కరైనా కదలరా? మీ మీసాలకు రాసుకోవడానికేనా నేను నూనె తీసేది?” అంది.

సిగ్గుపడి పెద్ద కొడుకు బయలుదేరాడు. మొదటి సముద్రం అల చూడగానే “నాకు రాసిపెట్టి లేదు” అని తిరిగొచ్చి నుదురు కడుక్కున్నాడు. రెండోవాడు మూడో సముద్రం దాకా వెళ్ళి, తిరిగొచ్చి నుదురు కడుక్కున్నాడు. అప్పుడు మణికేతుడు గుమ్మం బయటే నిలబడి తండ్రికి దండం పెట్టి బయలుదేరాడు. రాజు ముఖం ఎందుకో పాలిపోయింది. “వద్దు నాయనా” అన్నాడు కానీ, ఎందుకు వద్దో చెప్పలేదు.

సముద్రం ఒడ్డున మాటలొచ్చిన ముసలి తాబేలు ఒకటి ఉంది. “ఎక్కు నాయనా, ఏం చేస్తాం, వచ్చినవాణ్ణల్లా మోయడం నా రాత” అంది.

“నువ్వు కూడానా తాబేలు తాతా!” అని మణికేతుడు తల పట్టుకున్నాడు. “ఇష్టం లేకపోతే మోయకు. నేను ఈదుకుంటూ పోతాను.”

తాబేలు ఒక సముద్రమంతా ఆలోచించి, “ఇష్టమే నాయనా. కబుర్లు వినొచ్చని మోస్తాను” అని ఒప్పుకుంది. అక్కడి నుంచి ఇద్దరికీ బాగా కుదిరింది. మిగతా సముద్రాలు దాటుతుండగా తాబేలు గుట్టు చెప్పింది. కరాళుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కానీ జాతకానికి భయపడి వచ్చేవాళ్ళంటే వాడికి మహా ఇష్టం. వాళ్ళ ప్రాణాలూ బలాలూ భద్రంగా దాచిపెట్టి, కూలి తీసుకుంటాడు.

మణికేతుడు కరాళుడి గుహలోకి తిన్నగా నడిచి వెళ్ళాడు. లోపల వరసగా మట్టి ప్రమిదలు వెలుగుతున్నాయి. ఎత్తుకొచ్చిన పిల్లలే ఆ ప్రమిదలు. వకుళ ఒక్కతే ఇంకా మనిషిగా ఉంది, స్తంభానికి కట్టేసి ఉంది.

“అయ్యా, ఈ చేతులతో మా నాన్న చూపు పోతుందట. వీటి బలం ఎక్కడైనా దాచిపెట్టు” అన్నాడు మణికేతుడు, భయపడ్డట్టు నటిస్తూ.

కరాళుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఆలస్యంగా వచ్చావురా! నువ్వు పుట్టిన వారానికే మీ నాన్న వచ్చాడు. కొడుకు చెయ్యి అందని చోట తన చూపు దాచమన్నాడు. నా ప్రాణమున్న చిలుకలోనే దాచాను. కూలి ఏటా ఒక పిల్ల.”

మణికేతుడికి తాను గుమ్మం బయట నిలబడిన పండగలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. “నేను నమ్మను. చూపించు” అన్నాడు.

గొప్ప చెప్పుకునేవాడికి చూపించమంటే అంతకంటే ఏం కావాలి? కరాళుడు ఈల వేశాడు. కప్పు సందులోంచి పచ్చని చిలుక దిగి మణికేతుడి చేతిలో వాలింది. దాని కళ్ళు అచ్చం వీరకేతుడి కళ్ళు. పుట్టాక అవి తన వైపు అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

“మెడ తిప్పితే నేను చస్తాను, మీ నాన్న గుడ్డివాడవుతాడు. తండ్రంటే ప్రాణమిచ్చేవాడివి, నువ్వు తిప్పలేవు” అన్నాడు కరాళుడు.

“చూపు వేరు చేసే దారి లేదా?” అని మణికేతుడు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ లేదన్నాడు కరాళుడు. మణికేతుడి వేళ్ళు చిలుక మెడ చుట్టూ బిగుసుకోవడం చూసి మాత్రం గొంతు మార్చాడు. “ఆగరా అబ్బాయ్! నా మీద కోపం దేనికి? ఇందులో నాదేముంది, రాత!”

“ఈ లోకంలో ఎవరూ ఏమీ చేయలేదన్నమాట!” అని మణికేతుడు గుహ అదిరేలా అరిచాడు. “మా నాన్న ఇవ్వలేదు, నువ్వు ఎత్తుకురాలేదు, ఈ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ప్రమిదలయ్యారు!” అరిచి, ఏడ్చి, వకుళ వైపు చూశాడు.

“నాకు బతకాలని ఉంది. లేదంటే అబద్ధం” అంది వకుళ. “కానీ చేసేది మీరే. తరవాత ఆ చేతులతో బతకాల్సిందీ మీరే.”

మణికేతుడు చిలుక మెడ తిప్పాడు.

కరాళుడు కూలిపోయాడు. ప్రమిదలు పిల్లలయ్యాయి. అక్కడ రత్నగిరిలో, సభలో కూర్చున్న రాజు “దీపాలెందుకు ఆర్పారు?” అని అడిగాడు. అప్పుడు మిట్టమధ్యాహ్నం.

తాబేలు ఎన్నో విడతలుగా అందరినీ ఒడ్డుకు చేర్చింది. మణికేతుడు సభకు వచ్చేసరికి సేవకుడు వెండి చెంబుతో సిద్ధంగా ఉన్నాడు.

“కడుక్కో నాయనా, నీదేం తప్పు? పుట్టినప్పుడే రాసి ఉంది” అన్నారు అందరూ.

“తీసేయండి ఆ చెంబు!” అన్నాడు మణికేతుడు. “రాసినవాడెవడో నాకు తెలియదు. చూపు పోతుందని తెలిసే తిప్పాను. నాన్నగారూ, ఏ శిక్ష వేసినా పడతాను.”

రాజు పెదవి విప్పేలోగా సూరమ్మ, గుహలో విన్నదంతా చెప్పిన తన కూతురి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది. “ఆ లెక్క తరవాత. మహారాజా, నా పిల్లను ఆ కరాళుడికిచ్చింది ఎవరు?”

సేవకుడు అలవాటు కొద్దీ చెంబు రాజు చేతికిచ్చాడు. రాజు దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి ఆయన చెంబు కింద పెట్టాడు.

“నేనే ఇచ్చానమ్మా. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఇప్పించలేదు. భయపడి ఇచ్చాను.”

తరవాత, “మణీ, దగ్గరికి రా” అన్నాడు. కొడుకు మొట్టమొదటిసారి గుమ్మం దాటి సింహాసనం దాకా వెళ్ళాడు. రాజు వాడి ముఖమంతా తడిమాడు. “ముక్కు మీ అమ్మది. చూపున్నన్నాళ్ళూ ఈ ముక్కు చూసుకోలేదురా” అని భోరుమన్నాడు. శిక్ష మాట మళ్ళీ ఎత్తలేదు. కిరీటం తీసి కొడుకు తల మీద పెట్టాడు.

మణికేతుడికీ వకుళకూ పెళ్ళి జరిగింది. ఊరంతా లడ్లు తింది, తాబేలుకు పానకం పోశారు. వాళ్ళు చాలాకాలం రాజ్యమేలారు. పొరపాట్లూ చేశారు. చేసినప్పుడు చేశామని చెప్పి సరిదిద్దుకున్నారు.

ఇక సూరమ్మ. ఆవిడ రాజుగారికి వియ్యపురాలైంది కానీ కోపం మాత్రం తగ్గలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, ఇన్నేళ్ళూ పిల్లలు లేక ఏ ఇంట్లో ఏం జరిగిందో ఒక్కొక్కటే చెప్పి ముసలి రాజును కడిగేసేది. ఆయన లేచి వెళ్ళిపోతే ఆపేవాళ్ళు ఎవరూ లేరు. అయినా చివరిదాకా కూర్చుని వినేవాడు. విని, “రేపు కూడా రా అమ్మా” అనేవాడు.