చౌడక్క నేర్పిన మూడు మాటలు

అప్పుడెప్పుడో, మా అవ్వకి అవ్వ ఇంకా ఊయల్లో ఉన్నప్పటి ముచ్చట ఇది. ఊఁ కొట్టండి పిల్లలూ. మీరు ఊఁ కొట్టకపోతే నాకే భయమేస్తుంది, ఈ కథ అట్లాంటిది.

చౌడక్క అని ఒక ముసలామె ఉండేది. ఇల్లు లేదు, వాకిలి లేదు. సంచిలో ఒక సుత్తి, ఒక ఉలి. తిరగలి అరిగిపోతే పిండి సరిగ్గా పడదు కదా, అప్పుడా రాతికి ఉలితో గంట్లు కొట్టాలి. అదే ఆమె పని. "తిరగళ్ళకు గంట్లు కొడతానమ్మా" అని కేకేసుకుంటూ ఊరూరా తిరిగేది. పెట్టింది తినేది, పొమ్మంటే పోయేది.

ఆ రోజుల్లో తిరగలి అందరిళ్ళలో ఉండేది కాదు, వీధికి ఒకటో రెండో. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గింజలు పట్టుకొచ్చిన ఆడమనిషిని తిరగలి ఉన్న ఇల్లు వెనక్కి పంపకూడదు. పంపితే ఆ ఇంటి గాదెకు పురుగు పడుతుందని భయం. ఎంతటి మొగోడైనా ఆ మాటకు జంకేవాడు.

గువ్వలపెంటలో కదిరప్ప ఇంట్లో తిరగలి ఉండేది. కదిరప్పకు ఊళ్ళో ఎంత మంచి పేరనుకున్నారు! గొంతు పెంచడు. ఎదురైనవాళ్ళనల్లా "బాగుండావా అన్నా" అని పలకరిస్తాడు. అతని పెళ్ళాం ఓబుళమ్మ మాత్రం ఎవరితోనూ మాట్లాడదు. ఆ పిల్లకు పొగరన్నారు అందరూ. మన నోళ్ళు మంచివా ఏమన్నా!

ఒకరోజు చౌడక్క వాళ్ళింట్లోని తిరగలిని పెరట్లోకి తెప్పించుకుని దాని ముందు కూర్చుంది. ఓబుళమ్మ రాయి కదలకుండా పట్టుకుంది. కొంగు జారింది. మెడ మీద వేళ్ళ అచ్చులు. ఇటు నాలుగు, అటు ఒకటి. పెరటి అరుగు మీద కూర్చుని కదిరప్ప ఇటే చూస్తున్నాడు.

చౌడక్క సుత్తి ఆపలేదు. టంగు, టంగు, టంగు. తలెత్తకుండా ఆ చప్పుడులోనే అడిగింది. "ఎన్నాళ్ళుగా పాపా?"

"పెళ్ళయినప్పటి నుంచీ అవ్వా."

ముసలామె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కదిరప్ప లేచి నిలబడ్డాడు. టంగు, టంగు, టంగు. మళ్ళీ కూర్చున్నాడు.

"నాతో వచ్చేస్తావా?"

"ఇప్పుడొద్దు. వెతికి చంపుతాడు. తను పట్టపగలు తలుపు గడియ పెడితే అదే నా ఆఖరి రోజని చెప్పినాడు."

చౌడక్క బలవంతపెట్టలేదు. "నువ్వు ఎప్పుడంటే అప్పుడే తల్లీ" అంది.

పని ముగించుకుని నేరుగా పక్కింటి సుంకమ్మ దగ్గరికి పోయింది. ఇంకో ఇద్దరిని పిలిపించింది. మెడ మీద అచ్చుల సంగతి, గడియ సంగతి చెప్పింది.

"వాళ్ళింటి గొడవ మనకెందుకవ్వా?" అంది సుంకమ్మ.

"నేనూ ఒకసారి తప్పు చేశాను, విను. ఇంకో ఊళ్ళో ఒక బిడ్డ నాకు దెబ్బలు చూపించింది. మంచి చేద్దామనుకుని పెద్దల ముందుకు మొగుణ్ణి పిలిపించాను. నీ పెళ్ళాం చెప్పింది, కొట్టొద్దు నాయనా అన్నాను. అందరి ముందూ ఏడ్చి నా కాళ్ళు మొక్కాడు. నేను మురిసిపోయాను. మళ్ళీ ఏడాది పోయి చూస్తే తిరగలి ఉంది. ఆ బిడ్డ లేదు."

చౌడక్క ముగ్గురినీ దగ్గరికి పిలిచింది.

"అందుకే చెబుతున్నా. ఆమె చెప్పిందని అతనితో అనొద్దు. నువ్వేం చేశావని ఆమెను అడగొద్దు. ఆమెను ఒంటరిగా వదిలి రావొద్దు. గింజలు పట్టుకుని పోండి, అంతే."

ఆ మూడు మాటలూ మూడుసార్లు వాళ్ళ చేత చెప్పించింది. సుంకమ్మ అంది, "నాకు కాళ్ళు వణుకుతున్నాయవ్వా."

"వణకనీ. వణుకుతూనే పో."

చౌడక్క ఊరు దాటుతుంటే బయట బండల దగ్గర కదిరప్ప కాచుకుని ఉన్నాడు. నవ్వుతూ ఆమె సంచిలోంచి సుత్తి తీసుకున్నాడు. ఆమె కుడిచెయ్యి బండ మీద ఆనించాడు. "నా పెళ్ళాం నీతో ఏం చెప్పింది అవ్వా?"

"ఏం చెప్పలేదు."

సుత్తి పడింది. మళ్ళీ అడిగాడు. "ఏం చెప్పలేదు." మళ్ళీ పడింది. మళ్ళీ అడిగాడు. "ఏం చెప్పలేదు నాయనా." ఊఁ కొట్టండర్రా, ఎందుకాగారు! మూడుసార్లూ అదే మాట.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం కదిరప్ప ఇంటి గడియ పడిన చప్పుడు సుంకమ్మకు వినబడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మిగతా ఇద్దరికీ కబురు పెట్టింది. చేటలో జొన్నలు పోసుకుంది. సగం దారిలోనే ఒలికాయి.

"గింజలు తెచ్చినా, తలుపు తీయన్నా."

"రేపు రా చెల్లెమ్మా" అన్నాడు లోపలినుంచి, మెత్తగా.

ఆమె కదల్లేదు. కొర్రలతో రెండో ఆమె వచ్చింది. "తలుపు తీయన్నా." రాగులతో మూడో ఆమె వచ్చింది. "తిరగలి ఇంటికి గడియ పెడతావా కదిరప్పా? గాదె ఏమైపోనూ!"

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

ఓబుళమ్మ మూలన కూలబడి ఉంది. కదిరప్ప చేతిలో రోకలి ఉంది. వాళ్ళు అతన్ని ఏమీ అనలేదు, ఆమెను ఏమీ అడగలేదు. ఆమె పక్కనే కూర్చుని విసరసాగారు. చేతులు వణికి పిండి నేలపాలవుతూనే ఉంది. జొన్నలయ్యాయి. కొర్రలయ్యాయి. రాగులు సగంలో ఉండగా ఓబుళమ్మ లేచింది. "ఇప్పుడు వస్తా" అంది.

ఆమెను మధ్యలో పెట్టుకుని ముగ్గురూ బయటికి నడిచారు. అతను చూస్తూ నిలబడ్డాడు. ముగ్గురూ చూసేశాక, మంచి పేరే ఆస్తి అయినవాడు ఇంకేం చేస్తాడు? ఓబుళమ్మ ఆ గడప మళ్ళీ తొక్కలేదు. ముసలిదై చచ్చిపోయింది, నిద్రలో, హాయిగా.

చౌడక్క కుడిచెయ్యి మళ్ళీ సుత్తి పట్టలేదు. ఊరూరా తిరిగి ఆ మూడు మాటలే నేర్పింది. ఎక్కడ పోయిందో, ఎవరు మట్టి చేశారో తెలియదు.

ఇప్పుడు తిరగళ్ళు లేవు. అయినా మా వైపు ఏ ఇంట్లోనైనా అరుపు వినబడితే, ఉన్నట్టుండి అరుపు ఆగిపోయినా సరే, ఆడవాళ్ళు చేటలో గింజలు పోసుకుని పోతారు. ఎవరే అంటే "చౌడక్క పంపింది" అంటారు.

నేనూ ఒకసారి పోయాను. అంతకు ముందు ఒకసారి నాకోసం వచ్చారు.