వెనక్కి ఎత్తిన బంతి

గౌరునాయుడు మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కునేవారు. నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు తక్కువ. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి బయలుదేరేవారు.

ఆ మధ్యాహ్నం ఆయన దగ్గరికి వచ్చింది హైమావతి. ఒకప్పుడు ఆయన దగ్గరే వాలీబాల్ నేర్చుకుంది. ఇప్పుడు పార్వతీపురంలో ఒక ఆడపిల్లల కాలేజీ జట్టుకు కోచ్. వస్తూనే కూర్చోకుండా అడిగింది.

“మాస్టారూ, ఒక పిల్లలో బలమెంతో లోపమెంతో తేల్చడం ఎలా?”

పిల్ల పేరు కెజియా. జట్టులో సెట్టర్. అంటే ప్రతి బంతీ ఆ పిల్ల చేతిమీదుగానే వెళ్ళాలి, దాన్ని ఎవరికి ఎత్తి ఇవ్వాలో క్షణంలో తేల్చుకోవలసిందీ ఆ పిల్లే. చేతులు మెత్తన, చూపు చురుకు. కానీ ఆట బిగిసినప్పుడు, అందరూ ఎదురుచూసే చోటికి ఇవ్వకుండా, తిరిగి చూడకుండా తల మీదుగా వెనక్కి ఎత్తేస్తుంది. కుదిరితే చప్పట్లు. పోయిన నెలలో కుదరలేదు. గెలవాల్సిన మ్యాచ్ పోయింది. యూనివర్సిటీ జట్టులో సెట్టర్‌కు ఒక్కటే చోటు. సాయంత్రం సెలక్షన్ వాళ్ళు హైమావతి అభిప్రాయం అడగడానికి ఫోన్ చేస్తారు. కెజియాకు ఇది ఆఖరి సంవత్సరం. హైమావతికి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. తీసుకోమంటే జట్టు మునుగుతుందేమో, వద్దంటే పిల్ల బతుకు అక్కడితో ఆగిపోతుందేమో.

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

ఇద్దరూ కాలేజీ గ్రౌండ్‌కు వెళ్ళేసరికి పిల్లలు రెండు జట్లుగా ఆడుతున్నారు. ఆయన కాసేపు చూసి, కెజియా పక్షంలో కుడివైపు ఆడుతున్న అమ్మాయిని బయటికి పిలిచారు. “ఆ చోట నువ్వు దిగమ్మా,” అన్నారు హైమావతితో.

ఏళ్ళ తరబడి విజిల్ ఊదడమే తప్ప ఆమె ఆడింది లేదు. పిల్లల ముందు కాదనలేక చున్నీ నడుముకు బిగించి దిగింది. మొదటి బంతి నెట్‌కు కొట్టింది. రెండోది చేతికే తగల్లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కణ్ణించి ఆమెకు ఒకటే కోరిక, బంతి తన వైపు రాకుండా ఉండాలని.

ఆట చివరికొచ్చింది. ఒక్క పాయింట్ పోతే కెజియా పక్షం ఓడిపోతుంది. బంతి లేచి కెజియా మీదికి వస్తోంది. ముందు నీలవేణి ఉంది, జట్టులో అందరికంటే గట్టిగా కొట్టే పిల్ల. నెట్ అవతల బంతిని అడ్డుకునే పొడుగుపిల్లలిద్దరూ నీలవేణి ఎదుటికి జరిగిపోయారు. ‘నీలవేణికియ్యి, తల్లీ, నీలవేణికియ్యి’ అని హైమావతి లోలోపల వేడుకుంది. కెజియా వెన్ను విరుచుకుని బంతిని తల మీదుగా వెనక్కి ఎత్తింది.

బంతి నేరుగా హైమావతి దగ్గరికే వచ్చింది. మామూలు కంటే కాస్త కిందుగా, ఆమె ఎగరగలిగినంత ఎత్తులోనే వచ్చింది. ఎదురుగా అడ్డం ఒక్కరూ లేరు. ఆమె ఎగిరి కొట్టింది. బంతి గీత దాటి అవతల పడింది.

ఆట పోయింది. హైమావతి కెజియా వైపు తిరిగింది. “నాకెందుకిచ్చావే? చూస్తూనే ఉన్నావు కదా నా ఆట!” అంది.

కెజియా చేతులు వెనక్కి పెట్టుకుంది. “మీ ముందు ఎవరూ లేరు మేడం,” అంది చిన్నగా. “మీరు కొట్టగలరనుకున్నాను.”

హైమావతి పక్కకు వచ్చి నీళ్ళు తాగుతుండగానే ఫోన్ మోగింది. అవతలి మనిషి తొందరలో ఉన్నాడు. పిల్ల ఎలాంటిదో ఒక్క ముక్కలో చెప్పమన్నాడు.

“ఒక్కోసారి ఓడిస్తుందండీ,” అంది హైమావతి. “అయినా ఆ అమ్మాయినే తీసుకోండి. పూచీ నాది.”

ఫోన్ పెట్టేసింది. మాస్టారు గట్టు మీద కూర్చుని, నెట్ విప్పుతున్న పిల్లల్ని చూస్తున్నారు. ఆయన పక్కన కూలబడింది.

“చెప్పేశాను మాస్టారూ. కానీ భయం పోలేదు.”

“ఆ పిల్లకి మాత్రం లేదనుకున్నావా?” అన్నారాయన. “అయినా నీకే ఇచ్చింది.”