లేయమ్మ ఇంటికి కప్పు వేసిన వైనం

కాలవగట్టు పేటలో తెలివి మరీ ఎక్కువైపోయి ఇబ్బంది పడుతున్న ఇల్లు ఒక్కటే, గిద్యోనుది. ఆ ఇంట్లో ముగ్గురు: గిద్యోను, వాడి పెళ్ళాం మార్తమ్మ, తమ్ముడు తీతు. ఎవరు ఎక్కువ తెలివైనవాళ్ళో తేలక అప్పుడప్పుడు గొడవలు వచ్చేవి. మార్తమ్మ మాత్రం తనేనని మనసులో ఖాయం చేసుకుని, మొగుణ్ణి నొప్పించడం దేనికని పైకి అనేది కాదు.

"ఊళ్ళోవాళ్ళని చూడండి," అనేది ఆవిడ. "ప్రసంగం వింటారు, తలూపుతారు, చర్చి మెట్లు దిగగానే దులిపేసుకుంటారు. మనం అలా కాదు. అయ్యగారు ఏం చెబితే అది, పొల్లు పోకుండా చేస్తాం."

అయ్యగారంటే పాస్టరు కృపావరంగారు. నెమ్మదైన మనిషి. పాపం, ఆ ముగ్గురూ వచ్చి ముందు వరసలో కూచుంటే ఆయనకి ఏం చెప్పాలన్నా భయమేసేది.

ఒక ఆదివారం ఆయన అన్నారు: "ఇల్లూ వాకిలీ, గొడ్డూ గోదా, ఏదీ మనది కాదు. అంతా దేవుడిది. మనం కాపలావాళ్ళం మాత్రమే."

అంతే. ముగ్గురూ ఇంటికొచ్చి తలుపుకి తాళం వేసి, చేతికర్రలు పట్టుకుని గుమ్మం బయట కూచున్నారు. కాపలావాడు యజమాని మంచం మీద పడుకుంటాడా ఎక్కడన్నా?

మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆకలి మొదలైంది.

"లోపల అన్నం వండి ఉంది," అన్నాడు తీతు.

"అది దేవుడి అన్నం," అన్నాడు గిద్యోను.

"పులుసు?"

"పులుసూ దేవుడిదే. నోరు మూసుకుని కాపలా కాయి."

ఇంతలో గేదె పొదుగు నిండి అరవడం మొదలెట్టింది. "పాలు పితికెయ్యనా వదినా?" అన్నాడు తీతు. యజమానిని అడగకుండా పితికితే దొంగతనం అంది మార్తమ్మ. తీతు ఆకాశంకేసి చూసి అడిగాడు. ఆకాశం ఏమీ అనలేదు.

"వద్దని కూడా అనలేదుగా," అన్నాడు తీతు.

"పెద్దవాళ్ళు మాట్లాడకుండా ఊరుకున్నారంటే కోపం వచ్చినట్టు," అంది మార్తమ్మ. దాంతో తీతు భయపడి గేదెకి దూరంగా జరిగి కూచున్నాడు.

ఇదంతా ఎదురింటి లేయమ్మ చూస్తూనే ఉంది. మొగుడు పోయి, పిల్లలు లేక, ఒంటరిగా బతుకుతున్న ముసలమ్మ. మార్తమ్మ కాపరానికొచ్చిన కొత్తలో టైఫాయిడ్ వస్తే, కన్నతల్లిలా పక్కన కూచుని గంజి పోసింది ఈవిడే. పిన్నీ అని పిలిచే మార్తమ్మకి ఆవిడంటే ప్రాణం. కానీ ఆవిడ ఇంటికప్పు చూస్తే కడుపు తరుక్కుపోయేది. తాటాకు కుళ్ళిపోయి, ఇంట్లో పడుకుంటే చుక్కలు కనిపించేవి. తొలకరి దగ్గరపడింది, వాన పడితే పిన్ని తల ఎక్కడ దాచుకుంటుందా అని మార్తమ్మకి ఒకటే బెంగ.

లేయమ్మ తనకోసం కాచుకున్న గంజి తెచ్చి ముగ్గురికీ పోసి, అయ్యగారికి కబురు పెట్టింది. ఆయన పరుగున వచ్చారు.

"కాపలా అంటే తాళం వేసి కూచోవడం కాదర్రా. తినండి, వాడుకోండి, లేనివాళ్ళకి పెట్టండి. దేవుడు మీకిచ్చింది అందుకే. మీ దొడ్లో పాకకని కొన్న తాటాకు మోపులున్నాయి కదా, లేయమ్మ ఇంటికి కప్పు నేయండి. చేసి ఊరంతా చాటుకోకండి. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు సుమా."

మార్తమ్మకి ప్రాణం లేచొచ్చింది. పిన్నికి కప్పు పడుతుంది. కాకపోతే ఈ ఎడమచేతులతోనే వచ్చింది చిక్కు.

"కుడిచేతికి తెలిసింది పక్కనే ఉన్న ఎడమచేతికి తెలీకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు గిద్యోను. "రెండూ ఒక కడుపున పుట్టినవే."

"సంచిలో కట్టేద్దాం," అంది మార్తమ్మ.

ఇంకేముంది, ముగ్గురూ ఎడమచేతుల్ని గోనెసంచుల్లో దూర్చి వీపుకి కట్టేసుకున్నారు. వినపడుతుందేమోనని సంచి మూతుల్లో దూది కూడా కుక్కారు. ఒంటిచేత్తో మోపులు ఈడ్చుకుంటూ లేయమ్మ ఇంటి మీదికెక్కారు.

"ఏం చేస్తున్నావే మార్తా?" అని కిందినుంచి లేయమ్మ అడిగింది.

"నువ్వు చూడకు పిన్నీ. ఇది రహస్యం."

"నా ఇల్లెక్కి నాకు రహస్యమేంటే?"

"నీకు కాదు, మా ఎడమచేతులకి. గట్టిగా మాట్లాడకు."

పాత ఆకంతా పీకి అవతల పారేశారు. కొత్త ఆకు పరిచారు. ఆకు పట్టుకోవడానికి ఒక చెయ్యి, తాడు ముడెయ్యడానికి రెండు చేతులు కావాలి. అన్న పట్టుకుంటే తమ్ముడు పళ్ళతో ముడెయ్యబోయాడు, ముడిలో వాడి మీసం కూడా పడింది. చివరికి తాడు సంగతి వదిలేసి, ఆకులు వరసగా పేర్చి దిగిపోయారు. పేర్చినవి చూడ్డానికి బాగానే ఉన్నాయి. సాయంత్రం గాలి లేచింది. అంతే, ఒక్క ఆకు మిగలకుండా ఎగిరి కాలవలో పడి కిందూరికి కొట్టుకుపోయాయి. అంతకుముందు లేయమ్మకి చిల్లుల కప్పన్నా ఉండేది, ఇప్పుడదీ లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మార్తమ్మ ఏడుస్తూ అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మీటింగుకని పక్కూరి బస్సెక్కబోతున్నారు.

"పోతే పోయాయిలే అమ్మా. ఈసారి చేసేటప్పుడు మూలన పడున్నది కాకుండా, ఉన్నవాటిల్లో మంచిది ఇవ్వండి. ఏడుస్తూ కాదు, నవ్వుతూ ఇవ్వండి." ఇంకేదో జాగ్రత్త చెప్పబోయారు గానీ బస్సు కదిలిపోయింది.

ముగ్గురూ కూచుని ఆలోచించారు. తమ ఇంట్లో అన్నిటికన్నా మంచి తాటాకు ఎక్కడుంది? మార్తమ్మ తలెత్తి చూసింది. ఈ వేసవిలోనే నేయించిన కప్పు, ఇంకా బంగారం రంగులో మెరుస్తోంది. ఒక్క నిమిషం ఆవిడకి మనసొప్పలేదు. తర్వాత గంజి పోసిన చెయ్యి గుర్తొచ్చింది.

"తీతూ, ఎక్కు," అంది.

కాలవలో పోయిన ఆకు సంగతి పేటంతా చెప్పుకున్నారు కాబట్టి ఎడమచేతులకీ తెలిసిపోయే ఉంటుందని, ఇక దాచి లాభం లేదని సంచులు విప్పేశారు. అందువల్ల పని బ్రహ్మాండంగా సాగింది. సొంత కప్పు విప్పి లేయమ్మ ఇంటికి గట్టిగా కట్టారు. ఆకుకో నవ్వు చొప్పున పగలబడి నవ్వుతూ మరీ కట్టారు. తీతుకి నవ్వు రాకపోతే గిద్యోను వాడికి చక్కిలిగింతలు పెట్టాడు. దాంతో వాడు నిచ్చెన మీదినుంచి పేడకుప్పలో పడ్డాడు. అప్పుడు మిగతా ఇద్దరికీ నిజంగానే నవ్వొచ్చింది.

"మీకేమన్నా పిచ్చి పట్టిందా? మీ ఇల్లు విప్పి నాకేస్తారా? దిగండర్రా," అని లేయమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆవిడ ఎంత మొత్తుకుంటే వాళ్ళు అంత నవ్వారు.

మర్నాడే వాన దిగింది. కప్పులేని ఇంట్లో ముగ్గురూ గోడకి ఆనుకుని, నవ్వు ఆపితే ఇచ్చింది చెల్లదేమోనని, తడుస్తూ నవ్వుతున్నారు. లేయమ్మ గొడుగేసుకుని వచ్చి, ముగ్గుర్నీ చెయ్యి పట్టి ఈడ్చుకుపోయి, గేదెని కూడా లోపల కట్టేసింది. కొంగుతో మార్తమ్మ తల తుడుస్తూ, "నాకోసం కొంప విప్పినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరున్నారే, వెర్రిమొహమా," అని ఏడ్చింది. మార్తమ్మకీ ఏడుపొచ్చింది గానీ, మంచి పని చెడిపోతుందని పళ్ళు బయటపెట్టి నవ్వుతూనే ఏడ్చింది.

ఆదివారానికి అయ్యగారు తిరిగొచ్చారు. సంగతంతా విన్నారు. చర్చిలో ప్రసంగానికి నిలబడి అన్నారు: "మనందరం తెలివైనవాళ్ళం కాబట్టి లేయమ్మ ఇంటికప్పు చూస్తూ ఊరుకున్నాం. ఈ ముగ్గురికీ మనకున్నపాటి తెలివి లేదు, అందుకే ఇచ్చేశారు. ఇప్పుడు వాళ్ళకి కప్పు లేదు. రెండున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి. ఇవాళే ఇవ్వాలి."

ముందు వరసలోంచి ముగ్గురూ అప్పుడే లేచి ఇంటికి పరిగెత్తారు. జనం సిగ్గుతో తలలు దించుకున్నారు. ప్రార్థన అయ్యీ అవకముందే ఇళ్ళకెళ్ళి దొరికిన తాటాకంతా మోపులు కట్టి నెత్తిన పెట్టుకున్నారు. అయ్యగారు ముందు నడిచారు. మధ్యాహ్నం దాటాక పేటంతా కదిలి గిద్యోను ఇంటికొచ్చింది.

వచ్చి చూస్తే ఏముంది, గిద్యోను ఇంటి కప్పుకి తూర్పువైపు వాలంతా తాటాకు నేసి ఉంది. లేయమ్మ ఇంటికి తూర్పువైపు వాలు బోసిగా ఉంది. రెండిళ్ళకీ చెరి సగం కప్పు. తీతు దూలం మీద కూచుని చివరి ముడి వేస్తున్నాడు. లేయమ్మ వాకిట్లో నెత్తిన చెయ్యేసుకుని కూచుంది.

"ఏం చేశావమ్మా మార్తా?" అన్నారు అయ్యగారు.

"మీరు చెప్పిందే అయ్యగారూ. పిన్ని ఇంటికి రెండు వాలులున్నాయి, మాకు ఒక్కటీ లేదు. ముసలిది పాపం, ఎక్కి విప్పే ఓపిక లేదు, రెండూ పెట్టుకుని పాపంలో పడిపోతుందేమోనని భయమేసింది. ఆవిడ చేత ఒకటి ఇప్పించేశాం." మార్తమ్మ మొహం వెలిగిపోతోంది. "ఇప్పుడు ఎవరికీ రెండు లేవు."

జనం మోపులు కింద పెట్టి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, నిచ్చెనలు వేయబోయారు. ఇంతలో వాన విరుచుకుపడింది. తర్వాత నేద్దాంలెమ్మని పిల్లా మేకా అంతా చర్చిలోకి పరిగెత్తారు. లేయమ్మని మార్తమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పొడిగా ఉన్నచోట కూచోబెట్టి, కొంగు పిండి ఆవిడ మొహం తుడిచింది. అయ్యగారు అమ్మయ్య అని గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

మార్తమ్మ తలెత్తి పైకి చూసింది. పెంకుల కప్పు. ఇటొక వాలు, అటొక వాలు.

"తీతూ," అంది, మెల్లగా. "నిచ్చెన ఎక్కడ పెట్టావు?"