తెల్లతల ముళ్ల కంచె

అనగనగనగా, జొన్నకంకులు మబ్బులతో ముచ్చట్లాడేంత ఎత్తు పెరిగే రోజుల్లో, చేలకూ కొండకూ నడుమ ఒక చిట్టడవి ఉండేది. ఆ అడవిలో శూలపాణి అనే ముళ్లపంది కాపురముండేవాడు. పేరు విని మహావీరుడనుకునేరు. మనిషి పొట్టి, నడక నిదానం, వేరుశనక్కాయలంటే ప్రాణం.

అయితే ఆయన చేసే పని మాత్రం చిన్నది కాదు. ఆ అడవిలో నక్క భయం ఎక్కువ. నేల మీద గూడు కట్టుకునే పిట్టలకూ, పొదల్లో పిల్లలను పెట్టుకునే కుందేళ్లకూ రక్షణ అంటూ ఏదీ లేదు. శూలపాణి తన ఒంటి నుంచి రాలిన ముళ్లూ, తండ్రి తాతలు బొరియలో దాచిపోయిన ముళ్లూ తెచ్చి, గూళ్ల చుట్టూ కంచె నాటేవాడు. కూలిగా వేరుశనక్కాయలు తీసుకునేవాడు. కొన్ని తినేవాడు, కొన్ని దాచేవాడు. తినేవే ఎక్కువనుకోండి.

అదే అడవిలో తాబేలు తాత కూడా ఉండేవాడు. "నాకు కంచె అక్కర్లేదు, అప్పూ అక్కర్లేదు. నా డొప్ప నాకుంది" అని రోజూ అందరికీ వినిపించేవాడు. నిజమే. కానీ ఆ డొప్పలో ఇంకొకరికి చోటు లేదు.

ఇక బుడ్డమ్మ సంగతి చెప్పాలి. బుడ్డమ్మ ఒక పూరేడు పిట్ట. గుప్పెడంత ఉంటుంది, నోరు మాత్రం గంపెడు. ముందటేడు ఆమె పెట్టిన గుడ్లన్నీ నక్క తినేసింది. ఆ దుఃఖం ఆమెకు ఇంకా తీరలేదు. మళ్లీ గుడ్లు పెట్టగానే శూలపాణి దగ్గరకు పరుగెత్తింది.

"అన్నయ్యా, ఈసారైనా నా పిల్లల్ని కళ్లారా చూసుకోవాలి. కంచె వెయ్యి" అంది.

"తప్పకుండా చెల్లెమ్మా! కాకపోతే అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, నా ముళ్లు చాలడం లేదు. కొన్ని అరువు తెచ్చి వేస్తాను" అన్నాడు శూలపాణి.

అరువిచ్చేది కాకి షావుకారు. కొండ అవతల ముళ్లపందులు రాల్చుకున్న ముళ్లన్నీ ఏరి తాటిచెట్టు మట్టల్లో దాచేవాడు. పున్నమి పున్నమికీ వేరుశనక్కాయలు వడ్డీ కట్టాలి. వాయిదా తప్పితే ముళ్లు పీక్కుపోతాడు. తన ముళ్లు పరాయివాటిలో కలిసిపోకుండా ప్రతి ముల్లు తల మీదా తెల్లటి గుర్తు వేసేవాడు. కాకి గుర్తు ఎలా వేస్తుందో వేరే చెప్పాలా? కొమ్మ మీద కూర్చుంటుంది, కింద ముల్లుంటుంది, అంతే.

కంచె తయారైంది. బుడ్డమ్మ చుట్టూ తిరిగి చూసింది. రెండు సాదా ముళ్లకు ఒక తెల్లతల ముల్లు చొప్పున ఉంది. ఆమె ఊరుకోలేదు. ఒక పక్కన తెల్లతల ముళ్లన్నీ ముక్కుతో పీకి అవతల పెట్టింది.

"అయ్యయ్యో! కంచె పాడు చేస్తావేంటమ్మా?" అన్నాడు శూలపాణి.

"ఉండన్నయ్యా. కాకి షావుకారు రేపే వచ్చి తనవి తను పట్టుకుపోయాడనుకో. అప్పుడు నా గుడ్లకు అడ్డం ఏముంటుందో చూసుకోనీ" అని, మిగిలిన సాదా ముళ్ల సందులోంచి బయటికి రాబోయింది. గుప్పెడు పిట్ట కూడా ఇరుక్కుపోయింది.

"భేష్! నేనే దూరలేకపోతే నక్క మూతి ఏం దూరుతుంది? నీ కంచె మంచిదే, నీ అరువూ మంచిదే" అని, పీకిన ముళ్లు తిరిగి నాటించి, కూలి ఇచ్చేసింది. ఆ ఏడు ఆమె పిల్లలు చక్కగా పెరిగి ఎగిరిపోయాయి. బుడ్డమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మరుసటేడు శూలపాణి పేరు అడవంతా పాకింది. అడవి కోళ్లు కంచె కావాలన్నాయి, ముంగిసలు కావాలన్నాయి. శూలపాణి ఇంకా అరువు తెచ్చాడు. బుడ్డమ్మ గూటి చుట్టూ ఈసారి ఒక సాదా ముల్లుకు ఒక తెల్లతల ముల్లు నాటాడు. ఆమె మళ్లీ తెల్లవి పీకి చూసింది. సందులోంచి ఆమె సులువుగానే వచ్చేసింది.

"నక్క మూతి దూరుతుంది, తల దూరదు" అని గొణిగి, గుడ్లను నక్క మూతికి అందకుండా గూటి నడుమకు జరుపుకుంది. "అన్నయ్యా, ఇక్కడితో ఆగు. పిల్లల గండం గట్టెక్కితే చాలు."

"అనుమానం పిట్టవమ్మా నువ్వు" అని శూలపాణి నవ్వాడు. ఆ ఏడూ ఎలాగో గడిచింది.

మూడో ఏడు అడవిలో ఒక వింత మొదలైంది. తెల్లతల ముళ్ల మీద అందరికీ మోజు పుట్టింది. దూరం నుంచి చూస్తే కంచెకు పూలు పూసినట్టుంటుందని మొదట కుందేలు భార్య అంది. దానితో కుందేలు వచ్చి, "మా ఇంటికి అన్నీ తెల్లతలలే వెయ్యి బావా. సాదా ముళ్లు వేసి పక్క పొదవాళ్ల ముందు మా పరువు తీయకు" అన్నాడు. ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి కూడా ఎవరూ పైకి అనలేదు. షోకు అలాంటిది.

అంతలో సింహరాజు గుహ నుంచి కబురు వచ్చింది. రాజుగారి గుహ చుట్టూ కంచె కావాలట! రాజుకు కంచె ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను, ఎవరూ చెప్పలేదు. శూలపాణి మాత్రం ఏమీ అడగలేదు. ఒళ్లంతా పొంగిపోయి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, ఆ రాత్రి పక్క మీద పడుకోలేకపోయాడు.

"రాజుగారి పని! ఒక్కసారికే గుట్టంత వేరుశనక్కాయలు!" అని కాకి దగ్గరున్న ముళ్లన్నీ ఊడ్చుకొచ్చాడు. చాలక, కాకి బంధువుల దగ్గరా తెచ్చాడు. ఇప్పుడు అడవిలో ఏ కంచె చూసినా ఒక సాదా ముల్లుకు అయిదు తెల్లతల ముళ్లు.

బుడ్డమ్మ మళ్లీ గుడ్లు పెట్టింది. మళ్లీ కంచె వేయించుకుంది. మళ్లీ తెల్లవి పీకి చూసింది. ఈసారి ఆ సందులోంచి నక్క ఒక్కటే కాదు, పెళ్లాం పిల్లలతో సామాను మోసుకుని రావచ్చు.

ఆమె శూలపాణిని పిలిచి ఆ సందు చూపించింది. "అన్నయ్యా, ఇది నీ కంచె కాదు, కాకి కంచె. నడుమన నీ ముళ్లు చుట్టాల్లా ఉన్నాయి. రాజుగారు ఇవ్వడం ఆలస్యమైతే ఏం చేస్తావు?"

"రాజుగారు ఎగ్గొడతారా చెల్లెమ్మా! పిచ్చి మాట!"

"ఎగ్గొడతారని నేనన్నానా? ఆలస్యమైతే అన్నాను. రాజు మెల్లగా ఇవ్వవచ్చు, కాకి మెల్లగా అడగదు కదా. నాకు పెద్ద కంచె వద్దు. చిన్నది చాలు, అన్నీ నీ సొంతవే వెయ్యి."

సాదా ముళ్లు ఎవరూ అడగడం లేదు కనుక శూలపాణి సంతోషంగా ఒప్పుకున్నాడు. బొరియ అడుగున మిగిలిన తాతల నాటి ముళ్లు తెచ్చి, దగ్గర దగ్గరగా నాటి, వచ్చి పోవడానికి ఒక్క దారి వదిలాడు. కుందేలు చూసి, "ఏం బుడ్డమ్మా, ఈ ఏడు ఇల్లు గడవడం లేదా?" అని ఎకసెక్కమాడాడు. బుడ్డమ్మకు కోపం వచ్చింది, కానీ గుడ్ల మీద కూర్చుని ఉంది కదా, లేవలేదు.

రాజుగారి కంచె పూర్తయింది. శూలపాణి కూలి అడగడానికి వెళ్లాడు. భాండాగారం చూసే ఎలుగుబంటి, "రాజుగారు నిద్రలో ఉన్నారు" అన్నాడు. కొన్నాళ్లాగి మళ్లీ వెళ్లాడు. "రాజుగారు భోజనంలో ఉన్నారు. దగ్గరకు వెళ్తావా?" అన్నాడు ఎలుగుబంటి. శూలపాణికి ఎందుకో వెళ్లాలనిపించలేదు. మూడోసారి వెళ్తే, "భోజనం అయింది. మళ్లీ నిద్ర" అన్నాడు.

ఈలోగా పున్నమి వచ్చింది, వెళ్లింది. వడ్డీ కట్టడానికి శూలపాణి దగ్గర వేరుశనగ పొట్టు తప్ప ఏమీ లేదు.

మర్నాడు సాయంత్రం కాకి షావుకారు బంధుబలగంతో దిగాడు.

"షావుకారుగారూ, కొంచెం ఓపిక పట్టండి, రాజుగారు ఇచ్చేస్తారు" అని శూలపాణి కాళ్లావేళ్లా పడ్డాడు.

"రాజుగారికి అరువిచ్చింది నువ్వయ్యా, నేను కాదు. నాకూ గూట్లో పిల్లలున్నారు. మాట ప్రకారం నావి నేను తీసుకుపోతున్నాను" అన్నాడు కాకి. పాపం, ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

కావు కావుమంటూ కాకులు తెల్లతల ముళ్లన్నీ పీకేశాయి. కుందేలు ఇంటి చుట్టూ ముళ్లు పోయాయి. కోళ్ల కంచె పోయింది, ముంగిసల కంచె పోయింది. రాజుగారి కంచె కూడా పోయింది, ఆయన నిద్రలో ఉండి గమనించలేదు. అక్కడక్కడా ఒంటరిగా నిలబడ్డ సాదా ముల్లు ముసలాయన పన్నులా కనిపించింది.

ఇదంతా గుట్ట మీద కూర్చుని నక్క చూస్తోంది. దానికి నోట్లో నీళ్లాగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత కళ్లు తుడుచుకుని కిందికి దిగింది.

అడవంతా గగ్గోలు. పిల్లల్ని నోట కరుచుకుని ఒకరు, వీపున వేసుకుని ఒకరు, అందరూ ఒకే వైపు పరుగెత్తారు. ఎక్కడికంటారా? బుడ్డమ్మ చిన్న కంచెలోకి!

"బుడ్డక్కా, తప్పయింది. నా పిల్లలకు చోటివ్వక్కా!" అని కుందేలు బతిమాలాడు.

"ఎకసెక్కాలు తర్వాత చూసుకుందాం. ముందు లోపలికి రా. నా గుడ్లు తొక్కితే మాత్రం నక్కకు నేనే అప్పగిస్తాను!" అంది బుడ్డమ్మ.

అందరూ ఇరుక్కుని ఇరుక్కుని కూర్చున్నారు. కోడిపిల్లలు కుందేలు చెవుల కింద దాక్కున్నాయి. అటుగా వెళ్తున్న తాబేలు తాత "నా డొప్ప నాకుంది" అని తల లోపలికి లాక్కున్నాడు.

నక్క కంచె చుట్టూ తిరిగింది. మూతి పెట్టి చూసింది, దూరలేదు. చివరికి దానికి ఆ ఒక్క దారి కనిపించింది.

అప్పుడు శూలపాణి వచ్చాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాడు. నేరుగా ఆ దారిలోకి వెళ్లి, లోపలికి ముఖం, బయటికి వీపు పెట్టి కూర్చున్నాడు. "చెల్లెమ్మా, నా దగ్గర ఇంక మిగిలినవి ఇవే. వీటిని ఏ కాకీ పీకలేదు" అన్నాడు.

నక్క ఎగిరి దూకింది. వెంటనే అంతకు రెట్టింపు ఎత్తున ఎగిరి వెనక్కి పడింది. ముక్కు నిండా ముళ్లు! కుయ్యోమంటూ పారిపోతుంటే శూలపాణికి పాత తెలివి ఎక్కడి నుంచో వచ్చింది. "ఏయ్! ఆ ముక్కులోవి నావి! అరువనుకో, పున్నమికల్లా తెచ్చియ్యి!" అని అరిచాడు. నక్క ఇప్పటికీ ఇవ్వలేదు.

తెల్లారేసరికి గుడ్లు చిట్లాయి. బుడ్డమ్మ పిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చి, కుందేలు కాళ్ల మధ్యా, కోళ్ల రెక్కల మధ్యా పరుగెత్తాయి. బుడ్డమ్మ వాటిని చూసి ఏడ్చింది, నవ్వింది, తొక్కుతున్నారని అందరినీ తిట్టింది.

శూలపాణి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇకమీదట కాకి గడప తొక్కను చెల్లెమ్మా."

"తొక్కకపోతే ఎలా? మొదటేడు ఆ అరువే లేకపోతే నాకు కంచే లేదు. తొక్కు. కాకపోతే తెల్లవన్నీ పీకేసి, మిగిలినవాటిలోంచి నక్క మూతి దూరుతుందేమో ముందు చూసుకో. దూరదంటే తెచ్చుకో. దూరుతుందంటే ఆగు."

అప్పటి నుంచి ఆ అడవిలో కంచె వేయించుకునే ప్రతివారూ, డబ్బా కొట్టుకోవడం మాని, ముందు తెల్లవి పీకి చూడడం మొదలుపెట్టారు. రాజుగారి కూలి కూడా వచ్చింది లెండి. వానలు వెలిశాక, సగం పుచ్చులతో.

కాబట్టి పిల్లలూ, ఎవరి బలమైనా చూడాలనుకుంటే ఎంత ఉందని కాదు, అరువు తెచ్చింది పోగా ఎంత నిలుస్తుందని చూడాలి. అరువు తప్పు కాదు, సొంతాన్ని మించిన అరువే ముప్పు.